గవర్నర్ పీకే ముందు
గడ్డి కోసుకునే బుల్లి ట్రాక్టరును, స్లెడ్డు అనే బరువు బండిని లాగే పందేనికి దింపడం అమెరికా పల్లెల్లో పాత సరదా. పాత కబ్ క్యాడెట్ ఒకదాన్ని షెడ్డులోకి తోసి, కోత బ్లేడ్లు విప్పేసి, ఒంటి సిలిండరు కోహ్లర్ ఇంజను మీద పడతారు. పడితే పడనీండి, నా పేచీ వరుసతోనే. ముందు ఇంజను వేగం హద్దు దాటకుండా చూసే గవర్నర్ పీకేస్తారు, ఫ్లైవీలు సంగతి తర్వాత చూద్దామంటారు. నిమిషానికి 3,600 చుట్లకు లెక్కగట్టి పోతపోసిన ఇనప చక్రాన్ని రెట్టింపు వేగంతో తిప్పితే, అది పగిలిన రోజున ముక్కలు తూటాల్లా లేస్తాయి. నడిపేవాడి మోకాళ్ళేమో ఎంతో దూరంలో ఉండవు. నా డబ్బే అయితే ముందు ఉక్కు ఫ్లైవీలుకు, దాని చుట్టూ కవచానికి, గొలుసు తెగి బండి విడిపోతే ఇంజను ఆపేసే కిల్ స్విచ్చుకు పెడతాను. కార్బురేటరు వంతు ఆ తర్వాతే. పైగా ఈ పందెం ఒట్టి గుర్రపుబలంతో తేలేది కాదు. మన ఒంగోలు ఎడ్ల బండలాగుడులో బండ మొదట ఎంత బరువో చివరిదాకా అంతే. అక్కడి స్లెడ్డు మాత్రం మహా టక్కరిది: సాగేకొద్దీ దాని మీది బరువుల పెట్టె ముందుకు జరుగుతూ కింది రేకును నేలకు అదిమేస్తుంది. అప్పుడు ఆదుకునేది టైరు పట్టే. ముక్కున కట్టిన బరువులు కాస్త అటూ ఇటూ జరిపి, టైర్లలో గాలి కొంచెం తగ్గించి మళ్ళీ లాగి చూడాలి. పైసా ఖర్చులేని ఈ పనికే చాలామందికి ఓపిక చాలదు. మనవాళ్ళు పళ్ళు చూసి ఎడ్ల జతల్ని విభాగాలు చేసినట్టు వాళ్ళూ బరువు, ఇంజను చూసి క్లాసులు పెట్టారు. కొత్తగా దిగేవాణ్ణి రెండు సీజన్లు స్టాక్ క్లాసులోనే లాగమంటాను, గవర్నర్ జోలికి పోకుండా.