పై పెరటి వాన – కింది ఇంటికి వరద

ఉప్పల్: వాన పడినప్పుడల్లా ఉప్పల్, నాచారం ప్రాంతాల్లోని పల్లపు కాలనీల వారికి గుండె దడే. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన కుండపోతకు రామంతాపూర్, హబ్సిగూడ వీధులు నీట మునిగిన సంగతి విదితమే. తప్పంతా చెరువులు, నాలాల ఆక్రమణలదేనని అనటం పరిపాటి. అది నిజమే అయినా, ఏటవాలు పెరళ్ల వాటానూ కాదనలేము.

లెక్క చూస్తే సంగతి బోధపడుతుంది. 200 గజాల స్థలంపై 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 16,700 లీటర్ల నీరు. స్థలమంతా సిమెంటు చేస్తే అందులో అధికభాగం కింది ఇంటి గోడకు చేరవలసిందే. మట్టి పెరళ్లలోనూ మామిడి, వేప చెట్ల చిక్కటి నీడలో గరిక బతకదు. బోసినేల కోసుకుపోయి, ఆ మట్టి మోరీలను పూడుస్తుంది.

ఇందుకు తక్కువ ఖర్చు మార్గాలు లేకపోలేదు. వాలుకు అడ్డంగా జానెడు ఎత్తు రాతిగట్లు వేయాలి. రాలిన ఆకులు తగలబెట్టక చెట్ల కిందనే పరచాలి. కొద్దిపాటి నీడకు ఓర్చే పసుపు, అల్లం నాటవచ్చు. ఇంకుడుగుంత పునాదికి, పెద్ద వేళ్లకు దూరంగా ఉండాలి. అడుగున బండ తగిలే చోట గుంత త్వరగా నిండుతుంది గనుక మిగులు నీటికి మోరీకి దారి చూపాలి.

వాన నీటిని ఇంకించే కట్టడాల గురించి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెప్పనే చెప్పింది. అయితే కాగితం మీది గుంత కింది ఇంటిని కాపాడదు. కింది వారు గోడ ఎత్తు పెంచితే నీరు పక్క ఇంటికి మళ్లుతుందే తప్ప తగ్గదు. ఎగువ, దిగువ ఇళ్ల వారు తొలకరికి ముందే కలిసి కూర్చుని ఆలోచించటం అవసరం.