వేళ్ళు అవే, ర్యాంకు మారింది

మా రూమ్మేట్‌కీ నాకూ అద్దె దగ్గర గొడవ రాలేదు. గిన్నెలు ఎవరు తోమాలన్న దగ్గరా రాలేదు. వచ్చిందల్లా ఒక్క దగ్గరే: ఎడ్డీ వాన్ హాలెన్ గొప్పా, డేవిడ్ గిల్మోర్ గొప్పా? కొండాపూర్ ఫ్లాట్‌లో రాత్రి పదకొండింటికి మొదలైన వాదన, బిర్యానీ చల్లారిపోయి, కింద నుంచి వాచ్‌మన్ పైకొచ్చేదాకా నడిచింది. తర్వాత రెండు రోజులు మాటల్లేవు. కరెంటు బిల్లులో వాడి వాటా మాత్రం ఫోన్‌పేలో వచ్చింది.

ఇద్దరి వాదనా చెబుతాను, మీరే తేల్చండి.

వాడిది ఎడ్డీ పార్టీ. 1978లో వచ్చిన వాన్ హాలెన్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లో 'ఇరప్షన్' అని ఒక ట్రాక్ ఉంది. మొత్తం 1 నిమిషం 42 సెకన్లు. పాట లేదు, దాదాపు అంతా గిటారే. మామూలుగా ఒక చేతి వేళ్ళు తీగలు నొక్కుతాయి, రెండో చెయ్యి మీటుతుంది. ఎడ్డీ మీటే చేతి వేలిని కూడా గిటార్ మెడ మీదికి తెచ్చి తీగను టకటకా కొట్టాడు. దీన్నే ట్యాపింగ్ అంటారు. అతను కనిపెట్టింది కాదు, అంతకుముందూ ఉంది. కానీ ఊరూరా పాకింది మాత్రం ఆ ట్రాక్ తర్వాతే. మైకేల్ జాక్సన్ 'బీట్ ఇట్'లో వచ్చే సోలో కూడా ఎడ్డీదే. దానికి పైసా తీసుకోలేదు.

నాది గిల్మోర్ పార్టీ. పింక్ ఫ్లాయిడ్ 1979లో తెచ్చిన 'ద వాల్' ఆల్బమ్‌లో 'కంఫర్టబ్లీ నంబ్' చివరి సోలో వినండి. పరుగు ఉండదు. తీగను పక్కకి లాగి, ఒక స్వరాన్ని మెల్లగా పై స్వరానికి చేరుస్తాడు. వీణ మీద తీగ లాగి గమకం పలికించడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మధ్యలో ఖాళీ వదులుతాడు. ఆ ఖాళీలోనే మనకి గుండె బరువెక్కుతుంది.

"మామా, మీవాడు ఒక నోట్ వాయించేలోపు మావాడు ఇరవై వాయిస్తాడు" అన్నాడు వాడు.

"ఆ ఇరవైలో ఒక్కటి నోటితో పాడు చూద్దాం" అన్నాను నేను.

ఇలా తేలేది కాదని రోలింగ్ స్టోన్ పత్రిక వేసిన 'టాప్ 100 గిటారిస్టులు' జాబితాలు తీశాం. 2003 జాబితాలో ఎడ్డీ 70, గిల్మోర్ 82. 2011 జాబితాలో ఎడ్డీ 8, గిల్మోర్ 14. రెండుసార్లూ నేనే ఓడిపోయాను. వాడు మంచమెక్కి డాన్స్ చేశాడు.

వాడు డాన్స్ చేస్తుంటే నేను ఆ అంకెలనే చూస్తూ కూర్చున్నా. 70 నుంచి 8కి ఎలా వచ్చాడు? ఆ ఎనిమిదేళ్ళలో వాన్ హాలెన్ నుంచి కొత్త స్టూడియో ఆల్బమ్ ఒక్కటీ రాలేదు. వేళ్ళు అవే, రికార్డులు అవే. మారింది జడ్జీలు. మొదటిది ఆ పత్రిక విమర్శకుడు డేవిడ్ ఫ్రిక్ ఎంపిక. రెండోదానికి గిటారిస్టులూ నిపుణులూ కలిసి ఓట్లేశారు. గిటార్ వాయించేవాళ్ళని అడిగేసరికి ఎడ్డీ కష్టం విలువ ఒక్కసారిగా పెరిగింది.

మన అప్రైజల్ కూడా ఇంతే కదా. కోడ్ అదే, మేనేజర్ మారితే రేటింగ్ మారుతుంది. ఆ సంగతి ఏటా చూస్తూ కూడా, గిటార్ దగ్గరికొచ్చేసరికి ర్యాంకుని వేదవాక్కులా నమ్మేశాను. దాని వల్ల నాకు నిజంగానే నష్టం జరిగింది.

మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక గిటార్ కొన్నా. ఎనిమిది నెలలు కూర్చున్నా. పాట నేర్చుకోలేదు, వేగమే నేర్చుకున్నా. ప్రతి రాత్రీ మెట్రోనోమ్ పెట్టుకుని, నిన్నటికంటే ఎంత పెరిగిందో లెక్క రాసుకోవడమే. ఒకరోజు యూట్యూబ్‌లో ఒక చిన్నపిల్లాడు 'ఇరప్షన్' నవ్వుతూ వాయిస్తుంటే చూశాను. అదే రాత్రి గిటార్‌ని సంచిలో పెట్టి బీరువా మీదికెక్కించా. నాలుగేళ్ళు కిందికి దించలేదు. ఇంట్లో అమ్మ ముందు వాయించడానికి ఒక్క పూర్తి పాట కూడా రాదు నాకు!

మళ్ళీ దించేలా చేసింది టోనీ ఐయోమీ కథ. బర్మింగ్‌హామ్ కుర్రాడు, రేకుల ఫ్యాక్టరీలో పని. 17 ఏళ్ళప్పుడు, ఉద్యోగం మానేసే ఆఖరి రోజున, మెషీన్‌లో పడి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, కాబట్టి తెగినవి సరిగ్గా తీగలు నొక్కే కుడిచేతి వేళ్ళు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు. నొప్పి తగ్గడానికి సన్నటి తీగలు వేసుకున్నాడు. తర్వాత తీగల బిగువు తగ్గించి శ్రుతి కిందికి దించాడు. దాంతో శబ్దం ఇంకా బరువెక్కింది. బ్లాక్ సబ్బాత్ అంటే ఆ బరువే. హెవీ మెటల్‌కి పునాది పడింది అక్కడే. ఆ కుర్రాడు ఆసుపత్రి నుంచి రాగానే ముందు తన ర్యాంకు ఎంతో లెక్కేసుకుని ఉంటే?

అందుకే ఇప్పుడు మా వాదనకి ఒక రూల్ పెట్టుకున్నాం. ఊరికే "ఎవరు గొప్ప" అనకూడదు, పాట పేరు చెప్పాలి. తర్వాత ఇద్దరినీ తారుమారు చేసి చూడాలి. 'బీట్ ఇట్'లో గిల్మోర్‌ని ఊహించుకోండి. ఆ కొద్ది సెకన్లలో అతను ఊపిరి తీసుకునేలోపే సోలో అయిపోతుంది. 'కంఫర్టబ్లీ నంబ్'లో ఎడ్డీని పెట్టండి. నోరెళ్ళబెట్టి వింటాం, కానీ ఏడుపు రాదు.

మరి ఈ జాబితాల్లో ఎప్పుడూ ఒకటో నంబర్ అయిన జిమీ హెండ్రిక్స్ సంగతి? ఆయన్ని తారుమారు చేసి చూడటం మాకు ఇంకా చేతకాలేదు. 1966 అక్టోబర్ 1న, లండన్‌లో దిగిన వారం రోజులకే, క్రీమ్ బ్యాండ్ ప్రోగ్రాంలో స్టేజీ ఎక్కి వాయించాడు. ఆ బ్యాండ్ గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్. 'క్లాప్టన్ దేవుడు' అని అభిమానులు లండన్ గోడల మీద రాసుకున్న రోజులవి. హెండ్రిక్స్ వాయిస్తుంటే ఆ దేవుడు చేతులు దించేసి స్టేజీ పక్కకి వెళ్ళిపోయాడని హెండ్రిక్స్ మేనేజర్ చాస్ చాండ్లర్ తర్వాత చెప్పాడు.

నాకు నచ్చేది ఆ తర్వాతి భాగం. ఇద్దరూ స్నేహితులయ్యారు. 1970 సెప్టెంబర్‌లో క్లాప్టన్ ఎడమచేతి వాటం వాళ్ళు వాయించే గిటార్ ఒకటి చూసి, హెండ్రిక్స్‌కి ఇద్దామని కొన్నాడు. ఇచ్చే వీల్లేకపోయింది. సెప్టెంబర్ 18న హెండ్రిక్స్ చనిపోయాడు. 27 ఏళ్ళు. ఇప్పుడు నా వయసు దాదాపు అంతే.

గిటార్ దించి రెండు నెలలైంది. తీగలు తుప్పు పట్టాయంటే మా రూమ్మేటే కొత్త సెట్ తెచ్చాడు. నెమ్మదిగా వాయించే పాట ఒకటి సగం వరకూ వచ్చింది. నిన్న రాత్రి వాడు తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నాడు.

"బాగుంది మామా" అన్నాడు. ఒక్క నిమిషం ఆగి, "అయినా ఎడ్డీయే గొప్ప" అన్నాడు.

పాట పేరు చెప్పు అన్నాను.