వీధి చిత్రములు – మన మర్యాద

వీధిన పోవు సామాన్యుని ఛాయాచిత్రమును మ్యూజియమున నుంచి గౌరవించుట తగునా యని కొందరడుగుదురు. తగునని మా అభిప్రాయము. అయితే ఆ గౌరవము చిత్రమునకే గాక, చిత్రములోని మనుష్యునికిని చెందవలెనని మా మనవి.

ఫ్రాన్సు దేశీయుడగు ఆన్రీ కార్తియే బ్రెసన్ (1908–2004) ఈ విద్యలో జగత్ప్రసిద్ధుడు. చిన్న లైకా కెమెరాను చేతబూని ఆయన వీధులలో తిరిగెను. పారిసు రైలుస్టేషను వెనుక నీటిమడుగుపై దుముకుచున్న మనుష్యుని 1932లో ఆయన తీసిన చిత్రము లోకమంతట పేరుగాంచినది. రెండవ ప్రపంచయుద్ధములో ఆయన జర్మనులకు చిక్కి, రెండుసార్లు విఫలుడై మూడవసారి చెరనుండి తప్పించుకొనెను. ఆయన మరణించెనని తలచి న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియమువారు స్మారక ప్రదర్శనమునకు పూనుకొనగా, ఆయన సజీవుడై వచ్చి తన చిత్రములను తానే యేరి యిచ్చెను! ఆ ప్రదర్శనము 1947లో జరిగెను. అదేయేట ఆయన మన దేశమునకు వచ్చెను. 1948 జనవరి 30న గాంధీమహాత్ముని దర్శించి, ఆ ప్రదర్శన పుస్తకమును చూపి వెడలిన కొలదిసేపటికే మహాత్ముడు హతుడయ్యెను. శోకించుచున్న జనసమూహమును ఆయన చిత్రించెను. 2014లో పారిసులోని పాంపిదూ కేంద్రమువారు ఆయన జీవితకాల కృషినంతయు నొక్కచోట చేర్చి ప్రదర్శించిరి.

ఇట్టి గౌరవము మనవారికిని లభించినది. 1844లో సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన లాలా దీన్ దయాళ్ సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీ ఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై 'రాజా' బిరుదమును పొందెను. 1905లో ఆయన కాలధర్మము నొందెను. ఆయన గాజుపలకల నెగెటివులు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రమున భద్రముగా నున్నవి. 2010లో ఆ కేంద్రమువారు ఆయన కృషిని ప్రదర్శించిరి. అందు మహారాజులును మహాసౌధములును మెండు. అయినను, నిజాము రాజ్యమున కరవు పీడితుల కొరకు జరిగిన సహాయ కార్యములనుగూడ ఆయన చిత్రించెను. ఆ ప్రభువుల పేర్లు మనకు దెలియును. కరవు నాటి ఆ దీనుల పేర్లెవరెరుగుదురు? తమను చిత్రింప వద్దనుటకు వారికి శక్తి యుండెనా? ఈ ప్రశ్నను మేము దాటిపోజాలకున్నాము.

విద్యార్థులారా, ఇది దూరదేశపు ముచ్చట కాదు. నేడు ప్రతి యింట చేతిఫోనులో కెమెరా కలదు. ఒకనాడు ఒక బాలుడు బజారు అరుగుపై నోరు తెరచి నిద్రించుచున్న వృద్ధుని ఫోటో తీసి తరగతిలో చూపెను. పిల్లలు నవ్విరి. మేమును నవ్వితిమని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. వెనుక బల్లపై ఒక బాలిక మాత్రము తల వంచుకొనెను. ఆ వృద్ధుడామె తాతగారు. ఉదయమే కూరగాయల మూటలను మార్కెటునకు చేర్చి, అలసి పరుండెనట.

అడిగి తీసినచో సహజత్వము చెడునని కొందరందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కార్తియే బ్రెసన్ కూడ ఎదుటివారెరుగకుండ తీసినవాడే. కాని తీసిన పిమ్మట అడుగుటకు అడ్డేమి? నేటి ఫోనులో చిత్రము తక్షణమే కనబడును. ఆ మనిషిని సమీపించి, "అయ్యా, అమ్మా, ఇది మీ చిత్రము, ఉంచుకొనవచ్చునా?" యని అడుగుడు. వలదన్నచో అక్కడనే చెరిపివేయుడు. సరేయన్నచో పేరు, ఊరు, తేదీ వ్రాసికొనుడు, ఒక ప్రతిని వారికిండు. నిద్రించువానిని, రోగిని, త్రాగి పడినవానిని తీయకుడు. పసిపిల్లలను వారి తల్లిదండ్రుల నడుగక తీయకుడు.

అట్లని కెమెరాను మూలబెట్టుమని మేము చెప్పుట లేదు. చేవెళ్ళ, మొయినాబాదుల మీదుగా పోవు రహదారికి ఇరుప్రక్కల సుమారు 900 మర్రిచెట్లు కలవని లెక్క వేసిరి. రహదారి విస్తరణ వలన వాని మనుగడ వివాదమై జాతీయ హరిత న్యాయాధికరణము వరకు పోయినది. ఆ నీడలో జామపండ్లమ్ము అవ్వను, బస్సుకై నిలిచిన కూలివారిని, చెక్కుబండ నీడకు చేర్చుకొని పంచరు వేయు తమ్ముని ఎవరు చిత్రించి యుంచిరి? ఊరు మారిన పిమ్మట వెదకిన దొరకవు.

కావున ప్రతి సంవత్సరము ఒక ఆల్బమును మన పాఠశాల సిద్ధపరచవలెనని మా సూచన. అందు పేరు లేని ముఖమొక్కటియు నుండరాదు. తల్లిదండ్రులు తమ యిండ్లలోని పాత ఫోటోలను చూపి, వానిలోని వారి పేర్లను వెనుక వ్రాయించినచో మరియు మేలు. ప్రతి మనుష్యుని దేవుడు పేరుపెట్టి యెరుగునని మనము విశ్వసించుచున్నాము. ఆయన యెరిగిన పేరును ఒక్కమారు అడిగి తెలిసికొనుట మనకు భారమా?