కంప్యూటరు లెక్కలో రైతంటే ఎవరు?

పులివెందులలో మనం చీనీకాయ అంటాం. అదే కాయ హైదరాబాదు చేరితే బత్తాయి అయిపోతుంది. వ్యాపారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కంప్యూటరుకు మాత్రం చెప్పాలి. లేకుంటే రెండు పంటలుగా లెక్కేస్తుంది. జమ్మలమడుగు నల్లరేగడిలో పండే శనగనూ, ఎర్రనేలలో కాసే వేరుశనగనూ పేరు కలిసింది గదా అని ఒకే గాటన కట్టినా కట్టేస్తుంది!

అందుకని పేర్లు, వాటి మధ్య సంబంధాలు ముందే రాసిపెడతారు. ఏది ఏ పంట, ఎవరు పండించారు, ఎవరు కొన్నారు, ఏ గోదాముకు పోయింది అని. దీన్నే ఆంటాలజీ అంటున్నారు. పేరు చూసి బెదరక్కర్లేదు, పాతకాలం కరణం లెక్కలాంటిదే. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1980ల నుంచి ‘అగ్రోవాక్’ అనే ఇలాంటి పదకోశం నడుపుతోంది. అందులో తెలుగు మాటలూ ఉన్నాయి.

పేర్ల తర్వాత నియమాలు. పత్తినే చూడండి. తేమ 8 శాతం దాటకుంటే సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 8 నుంచి 12 దాకా ధర కోస్తుంది. 12 దాటితే కొనదు. ఈ నియమం మనకు ముందే తెలుసు కాబట్టి ఆరబెట్టుకుని తీసుకుపోతాం.

అసలు పేచీ ‘రైతు’ అనే మాట దగ్గర. మద్దతు ధరకు అమ్ముకోవాలన్నా, పంట నష్టానికి పరిహారం రావాలన్నా ఈ-క్రాప్ నమోదే ఆధారం. పాసుపుస్తకం ఉన్నవాడే రైతు అని లెక్క రాసుకుంటే, గుత్తకు చేసేవాడి శనగ మూటలు ఎవరి పేరు మీద పోవాలి? ఆ గుత్తరైతు ఊళ్లో అందరికీ తెలుసు, కంప్యూటరుకే తెలియదు. 2019లో సాగుదారు హక్కుల చట్టం తెచ్చి 11 నెలల కార్డు ఇస్తామన్నారు. దానికి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలన్నారు. అక్కడే బండి ఆగింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానులు జంకారు. భూమి హక్కుకు భంగం లేదని ఆ చట్టమే చెప్పినా నమ్మినవాళ్లు తక్కువే.

నన్నడిగితే, భూమి ఎవరిది, సాగు ఎవరిది అన్నవి రెండు వేరు వేరు గళ్లు. ఒకటి రాస్తే రెండోది చెరిగిపోదు. పంట డబ్బు సాగు గడి చూసే పడాలి. విత్తింది ఎవరో చెప్పడానికి చుట్టుపక్కల చేలవాళ్ల మాట, గ్రామసభ చాలవా? యజమాని సంతకం ఒక్కటే సాక్ష్యమా? ఏ నియమం ప్రకారం మన సరుకు కొంటారో, ఎందుకు వెనక్కి పంపుతారో తెలుగులో రాసి గోడకు అంటించాలి. కంప్యూటరు ఒప్పుకోలేదు అనేది జవాబు కాదు. ఆ నియమం రాసింది మనిషే గదా!

రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ జాబితా పెట్టినప్పుడు పోయి చూసుకోండి. పంట పేరు, ఎకరాలు, సాగుదారు గడి. చిన్న చీనీ చెట్ల మధ్య వేరుశనగ వేసినవాళ్లు రెండు పంటలూ ఎక్కాయో లేదో అడగండి. తప్పుంటే గడువు దాటకముందే కాగితం మీద రాసిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.