మూడు ముగింపుల నాటకం

1859 డిసెంబరు 6వ తేదీ రాత్రి. న్యూయార్కు నగరంలోని వింటర్ గార్డెన్ రంగశాలలో ఒక కొత్త మెలోడ్రామాకు తెర లేచింది. బానిసల తిరుగుబాటుకు యత్నించిన జాన్ బ్రౌన్‌ను ఉరితీసి అప్పటికి నాలుగు రోజులే అయింది. దేశం అట్టుడికిపోతున్న ఆ సమయంలో బానిసల వేలాన్నే రంగస్థలం మీదికి తెచ్చిన ఆ నాటకం పేరు 'ది ఆక్టొరూన్'. రచయిత, డబ్లిన్‌లో జన్మించిన డయన్ బూసికో.

తాతముత్తాతల తరంలో ఎనమండుగురిలో ఒక్కరు ఆఫ్రికన్ అయితే ఆ సంతతిని నాటి అమెరికాలో 'ఆక్టొరూన్' అనేవారు. కథానాయిక జో అటువంటిదే. లూసియానాలోని ఒక ఎస్టేటు యజమానికి బానిస స్త్రీవల్ల కలిగిన ఆమె, ఆ ఇంట కన్నకూతురివలె పెరిగింది. తండ్రి ఆమెకు విముక్తి పత్రం వ్రాసి ఇచ్చాడు. కాని ఎస్టేటు అప్పుల్లో ఉండగా వ్రాసిన ఆ పత్రం చెల్లదని ఆయన మరణానంతరం తేలింది. ఇంటి బిడ్డ ఒక్క రోజులో ఇంటి ఆస్తి అయింది. యజమాని సోదరుని కుమారుడు జార్జి ఆమెను ప్రేమించాడు. వారి వివాహానికి చట్టం అడ్డు. వేలంలో ప్రతినాయకుడు మెక్లాస్కీ ఆమెను 25,000 డాలర్లకు కొన్నాడు. అతడు చేసిన హత్యను ఒక కెమెరా పట్టి ఇచ్చింది. ఛాయాచిత్రం ఇంకా వింతగా ఉన్న ఆ రోజుల్లో ప్రేక్షకులను ఉర్రూతలూగించిన ఘట్టమది. ఎస్టేటు దక్కింది, కాని ఆ వార్త చేరేసరికే జో విషం త్రాగింది.

రచయిత ఎవరి పక్షమూ పూర్తిగా వహించలేదు. దక్షిణాది యజమానులను దయామయులుగా చూపాడు. దుర్మార్గుణ్ణీ, అతని గుట్టు బయటపెట్టిన సజ్జనుణ్ణీ ఇద్దరినీ ఉత్తరాదివారినే చేశాడు. అయినా నాయికను మాత్రం బ్రతికించలేకపోయాడు. ఆమెను జార్జికిచ్చి పెళ్ళిచేస్తే నాటి అమెరికన్ రంగస్థలం సహించేది కాదు.

1861 నవంబరు 18న నాటకం లండన్ చేరింది. ఎడెల్ఫీ రంగశాలలో మొదటినుంచీ మెచ్చుకున్న ప్రేక్షకులు చివరి ఘట్టం రాగానే అసమ్మతి తెలిపారు. నిరపరాధి ఎందుకు చావాలన్నది వారి ప్రశ్న. బూసికో తన ముగింపును సమర్థించుకుంటూ 'టైమ్స్' పత్రికకు లేఖ వ్రాశాడు. ఫలితం లేకపోయింది. కొద్ది వారాలలోనే ముగింపు మారింది. జో బ్రతికి ప్రియుని చేరింది. ఆ చట్టం లేని గడ్డమీద ఆమెను చంపవలసిన అగత్యం ఎవరికీ కనిపించలేదు. అమెరికాలో అటువంటి వివాహ నిషేధాలను సుప్రీంకోర్టు పూర్తిగా కొట్టివేసినది 1967లో.

2014లో న్యూయార్కులో నల్లజాతి నాటకకర్త బ్రాండెన్ జేకబ్స్-జెంకిన్స్ ఈ కథను 'యాన్ ఆక్టొరూన్' పేరిట తిరగవ్రాశాడు. 2018లో లండన్ నేషనల్ థియేటర్ కూడా దానిని ప్రదర్శించింది. కెమెరాకు నేడు వింత ఏముంది? అందుకని ఆయన ఆ ఘట్టంలో, మూకలు ఉరివేసిన నల్లజాతివారి నిజమైన ఛాయాచిత్రాన్ని తెరపై చూపించాడు. చివరి రంగాన్ని నాయికా నాయకులకు ఇవ్వలేదు. మూలంలో ఎవరూ పట్టించుకోని మినీ, డైడో అనే ఇద్దరు బానిస స్త్రీలకిచ్చాడు. రేపటి తమ బ్రతుకును గురించి వారిద్దరూ మాట్లాడుకుంటూ ఉండగా నాటకం ముగుస్తుంది.