బీరువా తాళం సరే, ఫైళ్ల సంగతో?

ఇంట్లో ఏ కాగితం ఎక్కడుందో ఇల్లాలికే తెలుసంటారు. బీరువాలో ఉన్నంతవరకూ అది నిజమే. కంప్యూటర్లోకి చేరాకే చిక్కంతా! మన సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు, పిల్లల ఫొటోలు... ఏవి ఏ మూలనున్నాయో ఆయన్నో, అబ్బాయినో అడగాల్సిందే.

విండోస్ మామూలుగా వీటన్నిటినీ 'సి' డ్రైవ్‌లోనే దాస్తుంది. మరమ్మతుకిచ్చినప్పుడు దాన్ని ఫార్మాట్ చేశారో, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్తది వేయించుకునేవారు ముందే జాగ్రత్తపడాలి.

ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. ముందుగా 'డి' డ్రైవ్‌లో ఓ ఫోల్డర్ తెరవండి. డాక్యుమెంట్స్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో లొకేషన్‌కు వెళ్లి, 'మూవ్' నొక్కి ఆ ఫోల్డర్‌ను చూపిస్తే సరి. 'స్కాన్ 1', 'స్కాన్ 2' అని వదిలేయకుండా 'అమ్మాయి టెన్త్ మార్కుల జాబితా' అని పేరు పెట్టండి. వెతుకులాట తప్పుతుంది.

అంతటితో నిశ్చింత అనుకోకండి. చాలా ఇళ్లల్లో 'సి', 'డి' ఒకే డిస్కులోని రెండు గదులు. డిస్కు పాడైతే రెండూ పోతాయి. అందుకే పెన్‌డ్రైవ్‌లో ఇంకో నకలు తీసి బీరువాలో పెట్టండి.

ఇంత చేసీ పాస్‌వర్డ్ ఆయనకొక్కరికే తెలిస్తే ఏం లాభం? బీరువా తాళంలాగే అదీ మన చేతిలో ఉండాలి. ఏమంటారు?