ప్రాజెక్టు కాదు.. సోల్డరింగ్‌ ఐరన్‌ కొనండి!

ఫైనలియర్‌ రాగానే ఈసీఈ, ఈఈఈ విద్యార్థుల్లో చాలామంది చేసే పని ఒకటుంది. నలుగురు కలిసి డబ్బులేసుకుని రెడీమేడ్‌ ప్రాజెక్టు కొనేయడం. వైవా ఎలాగో గట్టెక్కుతుంది. తీరా ఉద్యోగ ఇంటర్వ్యూలో ‘ఈ బోర్డులో మీరేం చేశారు? ఎక్కడ ఇబ్బంది వచ్చింది?’ అని అడిగితే నోట మాట రాదు. అదే డబ్బులో కొంత పెట్టి సోల్డరింగ్‌ ఐరన్‌ కొనుక్కుంటే ఆ ప్రశ్నకు జవాబు మీ చేతుల్లోనే తయారవుతుంది.

‘ఫ్యాక్టరీల్లో అతుకులన్నీ మెషీన్లే వేస్తున్నాయి కదా?’ అనొచ్చు మీరు. నిజమే, భారీ ఉత్పత్తి మెషీన్లదే. కానీ కొత్త డిజైన్‌కు తొలి నమూనా కట్టాలన్నా, టెస్టింగ్‌లో ఫెయిలైన బోర్డును బాగుచేయాలన్నా ఇప్పటికీ మనిషి చెయ్యి కావాల్సిందే. ఎంబెడెడ్‌, హార్డ్‌వేర్‌ టెస్టింగ్‌ వైపు వెళ్లాలనుకునేవారికి ఇది అక్షరాభ్యాసం లాంటిది.

మరి ఏది కొనాలి? షాపులో ముందుగా చూపించేది 25 వాట్ల మామూలు ఐరన్‌. చవక, వైర్లు అతకడానికి చాలు. కానీ వేడిని అదుపుచేసే ఏర్పాటు ఉండదు. పెద్ద ప్యాడ్‌ మీద పెడితే చల్లారిపోతుంది, ఊరికే వదిలేస్తే బిట్‌ మాడి నల్లబడుతుంది. ఇంకో రెండు మూడొందలు కలిపి, పిడి మీద టెంపరేచర్‌ నాబ్‌ ఉన్న 60 వాట్ల ఐరన్‌ తీసుకోండి. 60/40 సోల్డర్‌ వైర్‌ సుమారు 190 డిగ్రీలకే కరుగుతుంది. అయినా అతుకు త్వరగా పడాలంటే నాబ్‌ను 320-350 మధ్య ఉంచాలి. చవక ఐరన్లలో ఆ అంకెలు అంచనాకే పనికొస్తాయని గుర్తుంచుకోండి.

కొనేముందు మూడు చూడండి. ప్లగ్‌కు ఎర్త్‌తో కలిపి 3 పిన్నులున్నాయా? విడి బిట్లు దొరుకుతాయా? ఉలిలా చదునైన బిట్‌ ఇస్తున్నారా? సూదిమొన బిట్‌ కంటే ఇది వేడిని బాగా అందిస్తుంది. స్టాండ్‌, 0.8 మిల్లీమీటర్ల రోజిన్‌ కోర్‌ వైర్‌, ఫ్లక్స్‌, డీసోల్డరింగ్‌ పంప్‌ కూడా కలిపితే మొత్తం ఇంచుమించు వెయ్యి రూపాయలు. హైదరాబాద్‌ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల అన్నీ ఒకేసారి దొరుకుతాయి.

ఇక సాధన. ఓ జీరో పీసీబీ, కొన్ని రెసిస్టర్లు తెచ్చుకుని రోజుకు పది అతుకులు వేయండి. బిట్‌తో ప్యాడ్‌నూ, రెసిస్టర్‌ కాలునూ కలిపి వేడిచేసి, వైర్‌ను బిట్‌కు కాకుండా అతుకుకు అందించాలి. నున్నగా మెరుస్తూ చిన్న గుట్టలా వాలితే మంచి అతుకు. గోళీలా ఉబ్బితే మళ్లీ వేయాల్సిందే. బిట్‌ను ఆకురాయితో రుద్దొద్దు, పైపూత పోతుంది. కిటికీ తెరిచి పనిచేయండి. 60/40 వైర్‌లో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు.

చివరిగా ఒక్క మాట. బోర్డు పనిచేయనప్పుడు విసుక్కోకండి. ఏ అతుకు వదులైందో, మీటర్‌తో ఎలా పట్టుకున్నారో నోట్‌బుక్‌లో రాసుకోండి. రెజ్యూమెలో ‘ప్రాజెక్టు’ అన్న పదం అందరూ రాస్తారు. ఇంటర్వ్యూలో మిమ్మల్ని వేరుగా నిలబెట్టేది ఆ నోట్‌బుక్కే.